డాబా మీది కరెంటుకు ఓటు పరీక్ష: ఫ్లోరిడా తీర్పులో దాగిన లెక్క

డాబాపై సోలార్ పలకలు బిగించుకున్న గృహస్థుడు పగటి పూట మిగిలిన కరెంటును లైనులోకి పంపి, పొద్దుగూకిన తరువాత అదే లైను నుంచి తిరిగి తీసుకుంటాడు. ఆ స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు ఎవరు భరించాలి? పలకలు పెట్టుకున్నవారా, పెట్టుకోలేనివారా, విద్యుత్ సంస్థా? వినడానికి చిన్నదిగా ఉన్న ఈ ప్రశ్న 2016 నవంబరు 8న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఏకంగా బ్యాలెట్ పత్రంపైకి ఎక్కింది. డొనాల్డ్ ట్రంప్, హిల్లరీ క్లింటన్‌లలో ఎవరు అధ్యక్షులు కావాలో తేల్చిన ఓటర్లే అదే పత్రంపై ఈ ప్రశ్నకూ అవునో కాదో చెప్పవలసి వచ్చింది. సౌర విద్యుత్తుకు మేలు చేస్తున్నామనుకొని ‘అవును’ అన్నవారిలో అనేకులు తమకు తెలియకుండానే దాని వ్యతిరేకుల పక్షాన నిలిచారన్నది విమర్శకుల వాదన.

మన రాష్ట్రాల్లో ‘పీఎం సూర్యఘర్’ పథకం కింద ఇళ్ల పైకప్పులకు సోలార్ పలకలు చేరుతున్న నేపథ్యంలో ఫ్లోరిడా అనుభవం పరిశీలించదగినది. టాంపా, ఓర్లాండో, జాక్సన్‌విల్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది సొంత ఇంటి బిల్లు వ్యవహారం. ఇక్కడి పాఠకులకు రాబోయే వివాదానికి ముందస్తు నకలు.

ఎండకు కొదవ లేదు.. పలకలే లేవు

ఫ్లోరిడాకు ‘సూర్యకాంతి రాష్ట్రం’ అనే పేరు ప్రసిద్ధం. అయినప్పటికీ 2015 చివరి నాటికి అక్కడ గ్రిడ్‌తో అనుసంధానమైన పైకప్పు సౌర కేంద్రాలున్న వినియోగదారులు సుమారు 12 వేల మంది మాత్రమే. రాష్ట్రంలోని విద్యుత్ వినియోగదారులు 90 లక్షలకు పైమాటే. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత ఇక్కడ అతికినట్లు సరిపోతుంది.

ఇందుకు ప్రధాన కారణం వాతావరణంలో కాక చట్టంలో ఉంది. అక్కడ ఒక్కో ప్రాంతానికి ఒక్కో విద్యుత్ సంస్థకు గుత్తాధిపత్యం ఉంటుంది. రాష్ట్ర జనాభాలో దాదాపు సగానికి ఫ్లోరిడా పవర్ అండ్ లైట్ అనే సంస్థే కరెంటు ఇస్తుంది. ఈ సంస్థల చార్జీలను పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్ణయిస్తుంది. మన విద్యుత్ నియంత్రణ మండలిలాంటిదే అది. ఈ సంస్థలు మినహా ఇతరులెవరూ వినియోగదారునికి నేరుగా కరెంటు విక్రయించరాదని, ఒక్క వినియోగదారునికి అమ్మినా ఆ సంస్థ నియంత్రణ పరిధిలోకి వస్తుందని 1988లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఇతర రాష్ట్రాల్లో సోలార్ కంపెనీలు తమ సొంత ఖర్చుతో ఇంటిపై పలకలు బిగించి, ఉత్పత్తి అయిన కరెంటును ఆ ఇంటివారికే యూనిట్ల లెక్కన అమ్మేవి. చేతిలో డబ్బు లేనివారికి ఇది వరమైంది. ఫ్లోరిడాలో ఆ దారి మూసుకుపోయింది. వేల డాలర్లు ముందుగా వెచ్చించగలిగినవారికే సోలార్ అన్నట్లు తయారైంది.

2008 నుంచి అక్కడ నెట్ మీటరింగ్ అమల్లో ఉంది. ఇంటివారు లైనులోకి పంపిన యూనిట్లను, వారు తీసుకున్న యూనిట్లలోంచి తీసివేసి, మిగిలినదానికే బిల్లు వేయడం ఈ విధానం. మీటరు ముందుకూ వెనక్కూ తిరుగుతుందన్నమాట. విద్యుత్ సంస్థలకు మింగుడుపడనిది సరిగ్గా ఇదే.

రెండు దరఖాస్తులు.. ఒకే మాట

ఫ్లోరిడాలో నిర్ణీత సంఖ్యలో ఓటర్ల సంతకాలు సేకరిస్తే రాష్ట్ర రాజ్యాంగ సవరణను నేరుగా ప్రజల ముందుంచవచ్చు. 2016 ఎన్నికలకు అవసరమైన సంతకాలు 6,83,149. ఈ వెసులుబాటును ఉపయోగించుకొని 2015 ఆరంభంలో ‘ఫ్లోరిడియన్స్ ఫర్ సోలార్ చాయిస్’ అనే కూటమి రంగంలోకి దిగింది. సొంతదారు లేదా మరో కంపెనీ 2 మెగావాట్ల వరకు సౌర విద్యుత్తు ఉత్పత్తి చేసి, అదే స్థలంలోనివారికి లేదా పక్క స్థలంలోనివారికి అమ్ముకునే స్వేచ్ఛ కల్పించాలన్నది దాని ప్రతిపాదన. 1988 తీర్పు వేసిన తాళాన్ని తీయడమే లక్ష్యం. పర్యావరణవాదులతో పాటు ప్రభుత్వ జోక్యాన్ని గిట్టని ‘టీ పార్టీ’ వర్గీయులూ ఈ కూటమిలో చేతులు కలపడం విశేషం. నా ఇంటి కప్పుపై నేనేం చేసుకోవాలో చెప్పడానికి గుత్త సంస్థ ఎవరన్నది రెండో వర్గం ప్రశ్న. మామూలుగా ఒకే గదిలో కూర్చోని ఈ ఇద్దరినీ సోలార్ పలక ఒక్కటి చేసింది.

కొన్ని నెలలు తిరగకుండానే, 2015 జులైలో ‘కన్స్యూమర్స్ ఫర్ స్మార్ట్ సోలార్’ అనే మరో బృందం వెలిసింది. దీని పేరులోనూ సోలార్ ఉంది, వినియోగదారులూ ఉన్నారు. నిధులు మాత్రం ఫ్లోరిడా పవర్ అండ్ లైట్, డ్యూక్ ఎనర్జీ, టాంపా ఎలక్ట్రిక్, గల్ఫ్ పవర్ అనే నాలుగు విద్యుత్ సంస్థల నుంచే అత్యధికంగా వచ్చాయి. సంతలో ఒకే రకం డబ్బాల్లో రెండు కంపెనీల నూనె పక్కపక్కనే పెడితే కొనుగోలుదారు ఎలా తికమకపడతాడో, సంతకాల శిబిరాల వద్ద ఓటరు పరిస్థితీ అలాగే తయారైంది. సోలార్‌కు మద్దతుగా సంతకం పెట్టమంటే పెట్టినవారిలో తాము ఏ కాగితంపై పెట్టామో తెలియనివారు ఎందరో. మొదటి కూటమి గడువులోగా సంతకాలు సమకూర్చుకోలేక 2016 బరి నుంచి తప్పుకుంది. రెండోది నెగ్గుకొచ్చి బ్యాలెట్‌పై ‘సవరణ-1’గా నిలిచింది.

ఒక వాక్యం హక్కు.. మరో వాక్యం మెలిక

సవరణ-1లో రెండు భాగాలున్నాయి. సొంత అవసరానికి కరెంటు తయారు చేసుకునేందుకు తమ స్థలంలో సౌర పరికరాలను సొంతంగా కొని గానీ, లీజుకు తీసుకొని గానీ బిగించుకునే రాజ్యాంగ హక్కు వినియోగదారులకు ఉంటుందన్నది మొదటి భాగం. వినియోగదారుల హక్కులను, ప్రజల ఆరోగ్య భద్రతలను కాపాడే అధికారం ప్రభుత్వాలకు యథాతథంగా ఉంటుందని, సోలార్ పెట్టుకోనివారు పెట్టుకున్నవారి గ్రిడ్ ఖర్చును, అదనపు ఏర్పాట్ల ఖర్చును మోయవలసిన పని లేకుండా చూసే అధికారమూ ఉంటుందన్నది రెండో భాగం.

మొదటి భాగం చదివిన ఓటరు మురిసిపోవడం సహజం. అయితే సొంతంగా పలకలు పెట్టుకునే స్వేచ్ఛ అప్పటికే అక్కడ ఉంది. మూడో పక్షం కరెంటు అమ్ముకోవడంపై ఉన్న నిషేధాన్ని సవరణ ముట్టుకోలేదు. అంటే ఉన్నదానినే కొత్తగా ఇస్తున్నట్లు చూపింది. అసలు కిటుకు రెండో భాగంలో ఉంది. సోలార్ ఉన్నవారి భారం లేనివారిపై పడుతోందన్న మాటను రాజ్యాంగంలో చేరిస్తే, ఆ పేరిట నెట్ మీటరింగ్‌ను కుదించడానికో, సోలార్ ఇళ్లపై ప్రత్యేక రుసుములు విధించడానికో రేపు గట్టి ఆధారం దొరుకుతుందని ప్రత్యర్థులు హెచ్చరించారు.

ఈ వాదన రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బ్యాలెట్‌పై ఉంచే భాష స్పష్టంగా ఉందా, ఒకే అంశానికి పరిమితమైందా అన్నది మాత్రమే కోర్టు చూస్తుంది. మంచిచెడ్డల జోలికి పోదు. 2016 మార్చి 31న 4-3 మెజారిటీతో కోర్టు ఈ భాషను ఆమోదించింది. విభేదించిన న్యాయమూర్తి బార్బరా పారియెంటె మాత్రం సౌర విద్యుత్తును కోరుకునేవారు జాగ్రత్తపడాలని తన తీర్పులో రాశారు. సోలార్ అనుకూల వేషంలో వచ్చిన ఈ ప్రతిపాదన ఉన్న పరిస్థితినే రాజ్యాంగబద్ధం చేయజూస్తోందని ఆమె అభిప్రాయపడ్డారు. తెలుగులో అయితే మేకవన్నె పులి అనేసేవారు.

ఆగస్టులో ఒక తీర్పు.. నవంబరులో మరో పోరు

ఇదిలా ఉండగా, అదే ఏడాది ఆగస్టు 30న మరో సౌర ప్రతిపాదన ఫ్లోరిడా ఓటర్ల ముందుకు వచ్చింది. ‘సవరణ-4’గా పిలిచిన దీన్ని చట్టసభే పంపింది. సోలార్ పలకలు పెట్టినందువల్ల ఇంటి విలువ పెరిగినా, ఆ పెరుగుదలపై ఆస్తి పన్ను వేయరాదన్నది దాని సారాంశం. ఇందులో మెలికలు లేవు. దాదాపు 73 శాతం మంది ఔనన్నారు. 2018 నుంచి 20 ఏళ్ల పాటు ఈ మినహాయింపు అమల్లోకి వచ్చింది. ప్రశ్న సూటిగా ఉన్నప్పుడు ఓటరు ఎటు మొగ్గాడో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

ఆ ఉత్సాహాన్నే సవరణ-1 సమర్థకులు తమకు అనుకూలంగా మలచుకోజూశారు. ప్రకటనలు, కరపత్రాలు హోరెత్తాయి. వ్యయం సుమారు 2.6 కోట్ల డాలర్లకు చేరింది. అప్పటి మారకపు విలువ ప్రకారం రూ.170 కోట్ల పైచిలుకు. మోసపూరిత సోలార్ వ్యాపారుల నుంచి రక్షణ, వృద్ధులపై, పేదలపై భారం పడకుండా చూడటం అన్నవి వారి ప్రధాన నినాదాలు. వాణిజ్య మండళ్లు మద్దతు పలికాయి. అగ్నిమాపక సిబ్బంది సంఘమూ తొలుత వెంట నిలిచింది. ప్రత్యర్థుల వద్ద అందులో పదో వంతు డబ్బు కూడా లేదు. గాయకుడు జిమ్మీ బఫెట్ వంటివారు ‘వద్దు’ అని చెప్పారు. మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ ప్రచార సభలో దీన్ని తూర్పారబట్టారు. ప్రధాన పత్రికల సంపాదకీయాలూ వ్యతిరేకించాయి.

పోలింగ్‌కు మూడు వారాల ముందు, అక్టోబరు 18న మయామీ హెరాల్డ్ పత్రిక ప్రచురించిన కథనం పరిస్థితిని తారుమారు చేసింది. జేమ్స్ మాడిసన్ ఇన్‌స్టిట్యూట్ అనే మేధో సంస్థకు చెందిన శాల్ నుజో అంతకు కొద్ది రోజుల ముందు ఒక సదస్సులో చేసిన ప్రసంగం రికార్డు అందులో బయటపడింది. జనంలో సోలార్‌కున్న ఆదరణనే ఆయుధంగా వాడుకొని, సోలార్‌ను ప్రోత్సహించే భాషతోనే విద్యుత్ సంస్థలకు కావలసిన రక్షణలు సాధించవచ్చన్న ధోరణిలో ఆయన మాట్లాడారు. ఫ్లోరిడా ప్రయోగాన్ని ఇతర రాష్ట్రాలూ అనుసరించవచ్చన్నట్లు సలహా ఇచ్చారు. సవరణ సమర్థకులు ఆ మాటలతో తమకు సంబంధం లేదన్నారు. ఆయన పొరపాటుగా మాట్లాడారని వివరణ వచ్చింది. కానీ జరగవలసిన నష్టం జరిగిపోయింది. అగ్నిమాపక సిబ్బంది సంఘం మద్దతు ఉపసంహరించుకుంది. ఓట్లను రద్దు చేయాలంటూ చివరి రోజుల్లో ప్రత్యర్థులు కోర్టు తలుపు తట్టినా ఫలితం లేకపోయింది.

ఓడినవారికే ఎక్కువ ఓట్లు

ఫలితం విచిత్రమైనది. సవరణ-1కు అనుకూలంగా 50.8 శాతం, వ్యతిరేకంగా 49.2 శాతం ఓట్లు వచ్చాయి. 45 లక్షలకు పైగా ఓటర్లు ‘అవును’ అంటే 44 లక్షలకు పైగా ‘కాదు’ అన్నారు. అయినా ప్రతిపాదన వీగిపోయింది. ఫ్లోరిడాలో రాజ్యాంగ సవరణకు 60 శాతం మద్దతు కావాలి. 2006లో వచ్చిన ఆ నిబంధనే స్వయంగా 58 శాతం ఓట్లతో గట్టెక్కిందన్నది వేరే ముచ్చట. వైద్య అవసరాలకు గంజాయిని అనుమతించే మరో సవరణ అదే రోజున 71 శాతంతో నెగ్గడం గమనార్హం.

సోలార్ వర్గాలు దీన్ని ప్రజా విజయంగా చాటుకున్నాయి. డబ్బుబలంపై జనబలం గెలిచిందన్న రాతలూ వచ్చాయి. అంకెలు మాత్రం అంత తీయగా లేవు. ఆడియో బయటపడిన తరువాత, పత్రికలన్నీ ఏకమైన తరువాత కూడా సగానికి పైగా ఓటర్లు ఆ ప్రతిపాదనకే ముద్ర వేశారు. సాధారణ మెజారిటీ చాలునన్న నిబంధన ఉన్న రాష్ట్రంలో అయితే అది ఆ రోజే రాజ్యాంగంలోకి ఎక్కేది. కాపాడింది ఓటరు చైతన్యం ఒక్కటే కాదు, పదేళ్ల కిందట మరెవరి కోసమో పెట్టిన ఓ గీత కూడా.

పోరు అంతటితో ముగియలేదు. 2018 ఏప్రిల్‌లో సోలార్ పరికరాల లీజును పబ్లిక్ సర్వీస్ కమిషన్ అనుమతించింది. అంటే సవరణ వాగ్దానం చేసిన లీజు సౌకర్యం, సవరణ లేకుండానే దక్కింది. 2022లో నెట్ మీటరింగ్ లాభాన్ని దశలవారీగా తగ్గించే బిల్లును చట్టసభ ఆమోదించింది. దాని ముసాయిదా విద్యుత్ సంస్థ నుంచే వచ్చినట్లు పత్రికలు వెల్లడించాయి. అప్పటికి ఒకటి రెండేళ్ల ముందు లెక్క ప్రకారం సోలార్ ఇళ్లు 90 వేలు. మొత్తం వినియోగదారుల్లో ఒక శాతం లోపే. ఆ ఒక్క శాతం వల్ల మిగతా 99 మందిపై మోయలేని భారం పడుతోందన్న వాదన జనానికి రుచించలేదు. ధరలు మండుతున్న వేళ కరెంటు బిల్లులు పెరిగే ప్రమాదం ఉందంటూ గవర్నర్ రాన్ డిశాంటిస్ 2022 ఏప్రిల్ 27న బిల్లును వీటో చేశారు. ఆయన పర్యావరణవాది కారు. రిపబ్లికన్ పార్టీ నాయకుడు.

మరొక్క మాట. విద్యుత్ సంస్థలకు సూర్యునితో వైరం ఏమీ లేదు. 2030 నాటికి 3 కోట్ల సోలార్ పలకలు నెలకొల్పుతామని ఫ్లోరిడా పవర్ అండ్ లైట్ 2019లోనే ప్రకటించి, పొలాల్లో భారీ కేంద్రాలు కట్టుకుంటూ వచ్చింది. తాము పెట్టుబడి పెట్టిన ఆస్తిపై నిర్ణీత శాతం రాబడి వసూలు చేసుకునే వీలు ఆ సంస్థలకు ఉంటుంది. పొలంలోని పలక సంస్థ ఆస్తి. డాబా మీది పలక ఇంటివారి ఆస్తి. తగవంతా అక్కడే.

భారం మాట ఉత్తదేనా?

సవరణ-1ను ఓడించాలన్న తపనలో ప్రత్యర్థులు ఒక నిజాన్ని తేలిక చేశారనిపిస్తుంది. పలకలున్న ఇల్లు నెల బిల్లు సున్నా చేసుకున్నా, రాత్రంతా గ్రిడ్ మీదనే ఆధారపడుతుంది. మబ్బు పట్టినప్పుడు, తుపాను వచ్చినప్పుడు అదే దిక్కు. లైన్‌మన్ జీతం, సబ్‌స్టేషన్ నిర్వహణ, ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు ఆగవు. యూనిట్ రేటులోనే ఈ ఖర్చులన్నీ కలిసి ఉన్నప్పుడు, యూనిట్లు కొననివాడు వాటినీ చెల్లించనట్లే అవుతుంది.

రెండో వైపూ చూడాలి. మధ్యాహ్నం డాబా మీద పుట్టిన కరెంటు పక్కింటికే చేరుతుంది. వందల కిలోమీటర్ల లైన్లలో ఆవిరయ్యే నష్టం ఉండదు. ఎండ తీవ్రతకు ఏసీలు గిరగిర తిరిగే వేళ సంస్థ ఖరీదైన కరెంటు కొనే అవసరం తగ్గుతుంది. లాభం, భారం రెండూ ఉన్నాయి. ఏది ఎంత అన్నది పలకల సంఖ్యను బట్టి, వేళను బట్టి మారుతుంది. వెయ్యి ఇళ్లలో ఒక ఇంటిపై ఉన్నప్పుడు భారం లెక్కకు రాదు. వందలో ఇరవై ఇళ్లపై ఉంటే లెక్క వేయక తప్పదు. ఫ్లోరిడా ఓటరుకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. ఒక పక్షం భారం అంటూ భయపెడితే, రెండో పక్షం మోసం అంటూ గోల పెట్టింది.

నెవాడా రాష్ట్రంలో లెక్క వేయబోయి చేతులు కాల్చుకున్న ఉదంతమూ ఉంది. 2015 డిసెంబరులో అక్కడి నియంత్రణ కమిషన్ సోలార్ ఇళ్ల స్థిర చార్జీలు పెంచి, మిగులు యూనిట్లకు ఇచ్చే విలువ తగ్గించింది. అప్పటికే అప్పు చేసి పలకలు పెట్టుకున్నవారికీ దీన్ని వర్తింపజేయడంతో జనం భగ్గుమన్నారు. కొన్ని సోలార్ కంపెనీలు రాష్ట్రంలో వ్యాపారం ఆపేశాయి. ప్రజాతీర్పు కోరుతూ సంతకాలు సేకరించారు. బ్యాలెట్ భాష సరిగా లేదంటూ 2016లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. చివరకు 2017లో చట్టసభే జోక్యం చేసుకొని నెట్ మీటరింగ్‌ను పునరుద్ధరించింది.

మన డాబాల సంగతి

మన దేశంలో కరెంటు చార్జీలపై ప్రజాభిప్రాయ ఓటు లేదు. రాజ్యాంగంలో ఆ ఏర్పాటు లేదు. అందుకే ఇక్కడ కరెంటు వివాదం వీధికెక్కుతుంది. చార్జీల పెంపునకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో సాగిన ప్రదర్శనపై పోలీసులు కాల్పులు జరపగా ముగ్గురు మరణించిన ఘటన రాష్ట్ర రాజకీయాలనే మలుపు తిప్పింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చిందంటే దాని వెనుక ఆ వేడి ఉన్నదన్నది కాదనలేని వాస్తవం.

2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30 వేల చొప్పున, 3 కిలోవాట్లు ఆపైన అయితే గరిష్ఠంగా రూ.78 వేల రాయితీ నిర్ణయించారు. మన ఎండలకు ఒక కిలోవాట్ పలకలు నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తాయన్నది వాడుకలో ఉన్న అంచనా. 3 కిలోవాట్లు పెట్టుకున్న ఇల్లు 360 యూనిట్ల వరకు తయారు చేసుకోగలదు. ఓ మోస్తరు ఇంటి బిల్లు దాదాపు మాయమైనట్లే.

ఫ్లోరిడా తగవు ఇక్కడ మరింత పదునుగా తగిలేది ఈ మలుపులోనే. అక్కడ అందరికీ యూనిట్ రేటు కాస్త అటూఇటుగా ఒకటే. మనకు శ్లాబులు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో వచ్చిన రేట్ల పట్టిక చూస్తే మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90. 400 యూనిట్లు దాటితే రూ.9.75. అంటే పై శ్లాబులో ఉన్న ఇల్లు కింది శ్లాబులోని ఇంటికి కొంత ఆసరా ఇస్తోంది. పరిశ్రమలు, దుకాణాలు సైతం ఇదే రీతిన భారం మోస్తున్నాయి. దీన్ని ఎవరూ దాచలేదు. అది ప్రకటిత విధానమే. ఒకరి ఖర్చు మరొకరు మోయరాదన్న ఫ్లోరిడా వాక్యాన్ని యథాతథంగా ఇక్కడ రాస్తే పేదల శ్లాబులే కూలిపోతాయి.

ఇప్పుడు పలకలు మొదట ఎవరి డాబాకు ఎక్కుతాయి? సొంత ఇల్లు, నీడ పడని పక్కా కప్పు, రాయితీ పోగా మిగిలిన మొత్తం చేతిలో ఉన్నవారికి. వారు సాధారణంగా పై శ్లాబులోనివారే. యూనిట్‌కు రూ.8.75, రూ.9.75 చెల్లించేవారు బిల్లు తగ్గించుకుంటే డిస్కమ్ కోల్పోయేది తన ఆదాయంలోని మీగడనే. మిగిలేది చిన్న బిల్లులు, పంపుసెట్లు. ఆ లోటును ప్రభుత్వ రాయితీ అయినా పూడ్చాలి, లేదా ట్రూ అప్ చార్జీల రూపంలో మిగతావారి బిల్లుల్లోనైనా చేరాలి. అద్దె ఇళ్లవారు, రేకుల ఇళ్లవారు, అపార్ట్‌మెంట్లలో డాబాపై వాటా తేలనివారు ఆ మిగతావారిలో ఉంటారు.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల పలకలు ఉచితంగా బిగిస్తామని, సుమారు 20 లక్షల ఇళ్లు లక్ష్యమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించడం ఈ కోణంలో ఆసక్తికరం. ఇప్పటికే రాయితీపై కరెంటు పొందుతున్న ఇంటిపై పలక పెడితే లెక్క తిరగబడుతుంది. డిస్కమ్‌కు అక్కడ పోయే ఆదాయం స్వల్పం. ప్రభుత్వానికి ఏటా మిగిలే రాయితీ సొమ్ము అధికం. పలక ఒకటే అయినా అది ఏ శ్లాబు ఇంటిపై ఉందన్నదాన్ని బట్టి భారమో, లాభమో తేలుతుంది. అందరు సోలార్ ఇళ్లవారినీ ఒకే గాటన కట్టే ఏ రుసుమైనా ఈ తేడాను చెరిపేస్తుంది.

సోలార్ పెట్టించుకున్నవారికి ఇంకో చిక్కు ఉంది. పలకల ఆయుష్షు పాతికేళ్లు. బ్యాంకు రుణం కొన్నేళ్లు. ఆ మధ్యలో నెట్ మీటరింగ్ నిబంధనలు మారితే నెవాడా గృహస్థుడి పరిస్థితే వీరికీ ఎదురవుతుంది. 2021లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి, 500 కిలోవాట్ల వరకు లేదా మంజూరైన లోడు వరకు, ఏది తక్కువైతే అంతవరకు నెట్ మీటరింగ్‌కు వీలు కల్పించింది. పాత కనెక్షన్లకు పాత నిబంధనలే ఎన్నేళ్లు వర్తిస్తాయన్నది దరఖాస్తు సమయంలో అడిగి తెలుసుకునేవారు అరుదు. అమెరికాలోనే చూస్తే, ఇళ్ల సోలార్‌కు కేంద్రం ఇస్తూ వచ్చిన 30 శాతం పన్ను రాయితీ 2025 జులై 4న సంతకమైన చట్టంతో ఆ ఏడాది డిసెంబరు 31తో ముగిసిపోయింది. దశాబ్దం పాటు ఉంటుందని నమ్మిన రాయితీ అది.

తెలుగు రాష్ట్రాల్లో డిస్కమ్‌లు తమ రాబడి అవసరాల నివేదికలను, చార్జీల ప్రతిపాదనలను ఏటా విద్యుత్ నియంత్రణ మండళ్లకు సమర్పిస్తాయి. వాటిపై రాతపూర్వక అభ్యంతరాలు స్వీకరిస్తారు. ఆ తరువాత బహిరంగ విచారణలు జరుగుతాయి. కొత్త చార్జీలు మామూలుగా ఏప్రిల్ 1 నుంచి అమలవుతాయి. ఎవరైనా సరే, న్యాయవాది అవసరం లేకుండా తమ మాట వినిపించవచ్చు. రైతు సంఘాలు, పరిశ్రమల ప్రతినిధులు, వామపక్షాల నాయకులు ఏటా హాజరవుతూనే ఉన్నారు. డాబాపై పలకలున్న గృహస్థులు, డాబాయే లేని అద్దె ఇళ్లవారు ఒకే విచారణకు వచ్చి ఎదురెదురుగా కూర్చొని స్థిర చార్జీల పట్టికపై వాదించుకునే రోజు ఎంతో దూరంలో లేదు.